టీమ్‌లో గొడవలు మొదలయ్యాయా? కంగారు పడకుండా ఒక్కో అడుగు ఇలా వెయ్యండి

ఆ మీటింగ్ నాకు ఇప్పటికీ గుర్తే. కొత్త టీమ్, మొత్తం ఆరుగురం, కలిసి మూడో వారం. టెస్టింగ్ చూసే అమ్మాయి స్క్రీన్ చూపించి "ఇది మొన్ననే అయిపోయిందన్నారు కదా, ఇక్కడ బటన్ నొక్కితే ఏం రావట్లేదు" అంది. కోడ్ రాసినతను కుర్చీలో వెనక్కి జారి "నా వైపు అయిపోయింది" అన్నాడు. "నీ వైపంటే?" "నా వైపంటే నా వైపే." అంతే, ఇంకో పది నిమిషాలకి బటన్ సంగతి ఎవరికీ గుర్తులేదు, చిలికి చిలికి గాలివానై "నువ్వెప్పుడూ ఇంతే" దాకా వచ్చేసింది, మిగతా నలుగురం ల్యాప్‌టాప్‌ల్లోకి తలలు దూర్చేశాం. ఆ నలుగురిలో టీమ్ లీడ్‌ని నేనే, అదీ అసలు సిగ్గుచేటు.

అప్పట్లో నాకు అనిపించింది ఏంటంటే, టీమ్ పాడైపోయింది, మనుషుల్ని తప్పు ఎంచుకున్నాం అని. ఇప్పుడైతే అలా అనుకోను. గొడవ రావడం పెద్ద విషయం కాదు, అది ఏ టైమ్‌లో వచ్చింది, దేని గురించి వచ్చింది అని చూడకుండా "సర్దుకుపోండి" అనేస్తాం చూడండి, అక్కడే పాడవుతుంది. నేను కిందా మీదా పడి నేర్చుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ కలిపి వరసగా రాస్తున్నా, మీరు లీడ్ అయినా కాకపోయినా పనికొస్తుంది.

అడుగు 1: ముందు మీ టీమ్ ఇప్పుడు ఎక్కడుందో చూస్కోండి

1965లో బ్రూస్ టక్‌మన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్ట్, చిన్న గ్రూపుల మీద అప్పటిదాకా వచ్చిన 50 పరిశోధనా పత్రాలు ముందేసుకుని కూర్చున్నాడు. చాలావాటిలో ఒకటే వరస కనిపించింది. దానికి ఆయన పెట్టిన పేర్లే ఇప్పుడు ప్రతి ట్రైనింగ్‌లోనూ వినబడే ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్. పేర్లు పక్కన పెట్టండి, గుర్తులు చూడండి.

మొదటి దశలో అందరూ మహా మర్యాదగా ఉంటారు, ఏం చెప్పినా "సరే అండీ", ప్రశ్నలన్నీ లీడ్ వైపే వస్తాయి. రెండో దశ వచ్చిందని తెలియడానికి కేకలు వినబడక్కర్లేదు, టీమ్ వాట్సాప్ గ్రూపు కాకుండా ఒకరిద్దర్ని వదిలేసి ఇంకో గ్రూపు పుట్టిందా, మీటింగ్‌లో తలూపిన మనిషి బయటికొచ్చి "ఇది అయ్యే పని కాదు" అంటున్నాడా, తేల్చేసిన విషయమే మళ్ళీ మళ్ళీ టేబుల్ మీదకి వస్తోందా, ఇవే గుర్తులు. మూడో దశలో "మనం ఇలా చెయ్యం కదా" అనే మాట లీడ్ నోటి నుంచి కాకుండా వేరేవాళ్ళ నోటి నుంచి వస్తుంది. నాలుగోదాంట్లో కూడా తేడాలుంటాయి, కాకపోతే ఇద్దరూ ఓ సీటు దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చేసుకుంటారు, మీకు సాయంత్రం ఎప్పుడో తెలుస్తుంది.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. టక్‌మన్ చదివిన పత్రాల్లో ఎక్కువ భాగం థెరపీ గ్రూపుల మీదా, ట్రైనింగ్ గ్రూపుల మీదా వచ్చినవి, ఆఫీసు టీమ్‌ల మీద కాదు. అందుకని ఇది మెట్లు ఎక్కినట్టు ఒకటి తర్వాత ఒకటి వస్తుందని, ఎక్కితే మళ్ళీ దిగమని అనుకోకండి. నెలల తరబడి మొదటి దశలోనే మర్యాదగా ఊగిసలాడే టీమ్‌లు ఉన్నాయి, నాలుగు నుంచి రెండుకి దబ్బున పడినవీ ఉన్నాయి.

ఇంకోటి, ప్రతి గొడవకీ "ఇది స్టార్మింగ్‌లే, పోతుందిలే" అని పేరు పెట్టేయకండి. ఒకే మనిషిని పది మంది ముందు పదే పదే తక్కువ చేసి మాట్లాడటం, బెదిరించడం, వేధించడం ఏ దశా కాదు. దానికి ఈ అడుగులు పనిచెయ్యవు, నేరుగా పైవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పాల్సిందే, తేదీలతో సహా.

అడుగు 2: మొదటి వారంలోనే నాలుగు ప్రశ్నలకి జవాబు రాసేయండి

ఇది చిన్న పనే, గంట పడుతుంది. కానీ అందరూ మంచిగా ఉన్నప్పుడు ఇవన్నీ ఎందుకులే అని ఎవరూ చెయ్యరు, నేనూ చెయ్యలేదు. "అయిపోయింది" అంటే మన దగ్గర అర్థం ఏంటి? మాట కుదరకపోతే చివరి మాట ఎవరిది? మెసేజ్ పెడితే ఎంతసేపట్లో జవాబు రావాలి? ఒకరి పని ఇంకొకరికి నచ్చకపోతే ఎక్కడ చెప్పాలి, అందరి ముందా, విడిగానా? ఈ నాలుగే. జవాబులు ఒక్క పేజీ దాటకూడదు, దాటితే ఎవరూ చదవరు.

దీనివల్ల గొడవలు రాకుండా పోతాయని కాదు, వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది, అంతే.

అడుగు 3: గొడవ దేని గురించో విడదీయండి

పుండొకచోట ఉంటే మందొకచోట రాసినట్టు అయ్యేది ఇక్కడే. 1990ల్లో కారెన్ జెన్ అనే పరిశోధకురాలు టీమ్ గొడవల్ని విడదీసి చూపించింది. పని మీద వచ్చేది ఒకటి, అంటే ఏం చెయ్యాలి, ఏది సరైంది అని. మనుషుల మధ్య పడకపోవడం ఇంకోటి. తర్వాత మూడోది కూడా కలిపింది, పని పంపకం గురించి వచ్చేది, అంటే ఎవరు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, ఎప్పటికి అని. నా అనుభవంలో పైకి మొదటి రకంలా కనబడేవి చాలా మటుకు ఈ మూడో రకమే. మా బటన్ గొడవ కూడా అంతే కదా, కోడ్ మంచిదా చెడ్డదా అని కాదు, "అయిపోయింది" అనే మాటకి ఇద్దరి దగ్గర రెండు అర్థాలున్నాయి, అతనికి రాయడం అయితే అయిపోయినట్టు, ఆమెకి నొక్కితే పనిచేస్తే అయిపోయినట్టు.

ఎలా కనిపెట్టాలి అంటే వాక్యాలు వినండి. "ఈ డిజైన్ ఎక్కువ మంది వస్తే తట్టుకోదు" అంటే పని గురించి. "ఇది నాకెందుకు ఇచ్చారు, మొన్న కూడా నేనే చేశా" అంటే పంపకం గురించి. "నువ్వెప్పుడూ", "నీకసలు", "మీలాంటివాళ్ళు" మొదలైతే ఇక మనుషుల మీదకి వెళ్ళిపోయింది. మన భాషలో ఇంకో గొప్ప సౌకర్యం ఉంది, అప్పటిదాకా మీరు మీరు అనుకునే ఇద్దరు నువ్వులోకి దిగిన క్షణం చెవికి తెలిసిపోతుంది. దానికి రివర్స్ కూడా ఉందండోయ్, రోజూ నువ్వు అని పిలుచుకునే ఇద్దరు ఒక్కసారిగా "మీరు చెప్పండి" అని మొదలెట్టారంటే అది ఇంకా ప్రమాదం. ఆ మాట మారిన చోట మీటింగ్ ఆపేయండి. "దీన్ని రేపు చూద్దాం, ఇప్పుడు మీ ఇద్దరితో విడివిడిగా మాట్లాడతా" అంటే చాలు. నేను ఆ రోజు అనలేదు, ల్యాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నా.

పని మీద గొడవ ఆరోగ్యానికి మంచిది, మనుషుల మధ్య గొడవే చెడ్డది అని చాలామంది చెప్తుంటారు. అంత సులువేం కాదు. 2003లో కార్స్టెన్ డి డ్రూ, లారీ వైన్‌గార్ట్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, సగటున రెండు రకాలూ టీమ్ పనికి చేటే చేస్తున్నాయని తేలింది. 2012లో వేరే పరిశోధకులు ఇంకా ఎక్కువ పరిశోధనలు కలిపి మళ్ళీ చూశారు, అప్పుడు బయటపడింది ఏంటంటే పని మీద వాదన మనుషుల మీదకి పాకకుండా ఉన్న టీమ్‌ల్లో ఆ నష్టం అంతగా లేదు, కొన్ని చోట్ల లాభం కూడా ఉంది. అంటే మీరు చెయ్యాల్సింది వాదనని ఆపడం కాదు, అది పాకకుండా మధ్యలో గట్టు కట్టడం.

అడుగు 4: ముందు విడివిడిగా, తర్వాత కలిపి

ఇది అన్నిటికన్నా కష్టమైన అడుగు, అందుకే ఎక్కువ రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు, అదే రోజు కుదరకపోతే మర్నాడు, అంతకన్నా ఆలస్యం వద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే వారం ఆగడమే, ఆ వారంలో ఇద్దరూ తలా ముగ్గురికి చెప్పుకుంటారు, ఆ ముగ్గురూ పక్షాలు తీసుకుంటారు. విడిగా కూర్చున్నప్పుడు "ఎవరిది తప్పు" అని అడక్కండి, "ఏం జరిగింది, మొదట్నుంచి చెప్పండి" అనండి. మనిషి గురించి మొదలెడితే వారించకుండా కాసేపు వినండి, కడుపులోది కక్కేయనివ్వండి, తర్వాత మాత్రం ఒకటే అడగండి, "ఆ రోజు వాళ్ళు సరిగ్గా ఏం అన్నారు, లేదా ఏం చేశారు?" ఇది అడగ్గానే సగం ఆరోపణలు రాలిపోతాయి, ఎందుకంటే "లెక్కలేదు వాడికి" అనేది మన ఊహ, "మూడు మెసేజ్‌లు పెడితే జవాబివ్వలేదు" అనేది జరిగింది.

ఆఖర్న "వాళ్ళ వైపు నుంచి చూస్తే ఇది ఎలా కనబడి ఉంటుంది?" అనడగండి. మొదటిసారి చాలామంది "ఏమో" అంటారు. ఊరుకోండి, మీరు పూరించకండి, ఆ నిశ్శబ్దం కాస్త ఇబ్బందిగా ఉన్నా పర్లేదు. మా కోడ్ రాసే అతను అలాగే ఏమో అన్నాడు, గ్లాసులో నీళ్ళు తాగాడు, గ్లాసు కింద పెట్టి "నేను అయిపోయిందన్నప్పుడల్లా ఆమె మళ్ళీ మొదట్నుంచీ చూడాల్సొస్తోందేమో" అన్నాడు. అక్కడితో మూడొంతులు తేలిపోయింది. ఇటు ఆమెని అడిగితే తెలిసింది ఏంటంటే, తనకి దొరికిన తప్పులన్నీ అందరూ ఉన్న గ్రూపులో పెట్టేది, అది తన పని కదా అనుకునేది, అతనికేమో అది రోజూ అందరి ముందూ నిలబెట్టినట్టు ఉండేది.

తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టండి. టేబుల్‌కి ఎదురెదురు కాకుండా ఇద్దరూ ఒకే బోర్డు వైపు లేదా ఒకే స్క్రీన్ వైపు చూసేలా కూర్చోపెడితే మంచిది, చిన్న కిటుకే కానీ పనిచేస్తుంది, సమస్య ఎదురుగా ఉంటుంది, మనిషి పక్కన ఉంటాడు. ఒకరు చెప్పాక రెండోవాళ్ళు తమ జవాబు చెప్పే ముందు "నువ్వన్నది ఇదే కదా" అని తిరిగి చెప్పాలి, మొదటివాళ్ళు "అవును" అంటేనే ముందుకి. కాస్త స్కూల్లో లాగా అనిపిస్తుంది, నవ్వులు కూడా వస్తాయి, రానివ్వండి.

మీరు తీర్పు చెప్పకండి. చెప్పారంటే రేపటి నుంచి ప్రతి చిన్నదానికీ ఇద్దరూ మీ దగ్గరికే వస్తారు. "మరి రేపు ఇలాంటిదే వస్తే ఇద్దరూ ఏం చేస్తారు?" అని అడిగి, వాళ్ళనే చెప్పనివ్వండి. ఇంకా ముఖ్యంగా, తొందరపడి మధ్యేమార్గం పట్టుకోకండి. చెరో సగం వదులుకోమంటే అప్పటికి సద్దుమణుగుతుంది గానీ కొన్నిటికి సగం అనేది ఉండదు, బటన్ సగం పనిచెయ్యదు కదా.

మీరు లీడ్ కాకపోయినా, గొడవ పడ్డ ఇద్దరిలో ఒకరైనా, ఇదే వరస. నేరుగా ఆ మనిషి దగ్గరికెళ్ళి "నిన్నటిది నాకు బాగా అనిపించలేదు, పది నిమిషాలు మాట్లాడుకుందామా" అనండి, మెసేజ్‌లో మాత్రం వద్దు. రాసిన మాటకి గొంతు ఉండదు, చదివేవాళ్ళు తమ కోపాన్నే దానికి గొంతుగా పెట్టుకుని చదువుతారు.

అడుగు 5: కుదిరిన మాట అదే రోజు రాయండి

మావాళ్ళిద్దరూ రాసుకున్నది మూడు లైన్లు. టెస్ట్ చెయ్యడానికి రెడీ, టెస్ట్ అయింది, అయిపోయింది అని మూడు మాటలు వేరే వేరే. "అయిపోయింది" అనే హక్కు టెస్ట్ చేసినవాళ్ళకే. తప్పు దొరికితే ముందు విడిగా చెప్పాలి, నాలుగు గంటల్లో జవాబు రాకపోతేనే గ్రూపులో. దాన్ని గోడకి అంటించాం. నార్మింగ్ అంటే ఏదో మనసులు కలిసిపోవడం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఇలాంటి మూడు లైన్ల కాగితమే అది. రెండు వారాల తర్వాత ఒకసారి దాన్ని మళ్ళీ చూడండి, పనిచెయ్యని లైను కొట్టేయండి, మాకు ఆ నాలుగు గంటలు రెండు గంటలైంది.

అడుగు 6: గొడవలు ఆగాక చప్పుడు కూడా ఆగిపోయిందేమో చూడండి

మౌనం అర్ధాంగీకారం అంటారు, టీమ్‌లో మాత్రం ఆ మాట నమ్మకండి. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి నర్సింగ్ టీమ్‌ల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేస్తే, వింతగా, బాగా నడుస్తున్న టీమ్‌ల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం వెతికితే, వాళ్ళు ఎక్కువ చేస్తున్నారని కాదు, భయం లేకుండా చెప్తున్నారని తేలింది. మిగతాచోట్ల దాచేస్తున్నారు. తర్వాత 1999లో ఒక తయారీ కంపెనీలో 51 టీమ్‌లని చూసి, ఇలా నోరు విప్పినా ఏం కాదు అనే నమ్మకం ఉన్న టీమ్‌లే ఎక్కువ నేర్చుకుంటున్నాయని చూపించింది.

కాబట్టి మీ మీటింగ్‌లో మూడు వారాలుగా ఎవరూ "నాకిది నచ్చలేదు" అనలేదంటే సంతోషపడకండి, నివురు గప్పిన నిప్పేమో చూడండి. "ఏమైనా అభ్యంతరాలున్నాయా" అంటే ఎవరూ చెప్పరు, ఆ ప్రశ్నకి లేవు అనే జవాబే అలవాటు. "ఆరు నెలల తర్వాత ఈ పని ఘోరంగా దెబ్బతింది అనుకోండి, ఎందుకు దెబ్బతిని ఉంటుందో తలా రెండు కారణాలు కాగితం మీద రాయండి" అనండి. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ దీన్ని ప్రీమార్టెమ్ అన్నాడు. మాట్లాడనివాళ్ళు రాస్తారు, నేను చూశా. లీడ్ మాత్రం తన కాగితం ఆఖర్న చదవాలి, ముందు చదివితే మిగతావన్నీ దానికి నకళ్ళే.

అడుగు 7: సరిగ్గా సగం టైమ్ అయినప్పుడు ఆగండి

ఇది చాలామందికి తెలీదు, నాకైతే దశల లెక్క కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది. కొనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 8 టీమ్‌లని మొదటి మీటింగ్ నుంచి చివరి దాకా గమనించి 1988లో ప్రచురించింది. అన్నిటికన్నా చిన్న ప్రాజెక్టు 7 రోజులు, పెద్దది 6 నెలలు. మొదటి మీటింగ్‌లో పట్టుకున్న పద్ధతినే టీమ్‌లు సగం గడువు దాకా పట్టుకుని వేలాడాయి, సగం దగ్గరికి రాగానే, అది నాలుగో రోజైనా మూడో నెలైనా, ఒక్కసారిగా పాతవి వదిలేసి కొత్త దారి పట్టాయి. అంటే గడియారం చూసుకుని ఉలిక్కిపడినట్టు.

అందుకని మొదటి రోజే క్యాలెండర్‌లో సగం తేదీ గుర్తు పెట్టుకోండి. పద్ధతి మార్చాలి, పంపకం మార్చాలి అనే పెద్ద వాదనలు ఉంటే ఆ రోజుకి దాచండి, అప్పుడు జనం వింటారు. గడువుకి వారం ముందు అదే మాట ఎత్తారంటే మీ మీద పడతారు, న్యాయంగానే పడతారు.

అడుగు 8: కొత్తవాళ్ళు వచ్చినా, రెండు వర్గాలైనా

ఆరుగురు ఉంటే ఇద్దరిద్దరి జతలు 15. ఇంకో ఇద్దరొస్తే పెరిగింది ఇద్దరే అనుకుంటాం, జతలు మాత్రం 28 అవుతాయి. ప్రతి కొత్త జతా మళ్ళీ మొదట్నుంచీ అలవాటు పడాలి. అందుకే బాగా నడుస్తున్న టీమ్‌కి మనుషుల్ని కలిపితే కొన్నాళ్ళు వెనక్కి వెళ్తుంది, దానికి కొత్తవాళ్ళని తిట్టుకోకండి. గోడ మీద కాగితం వాళ్ళ చేతికిచ్చి "ఇందులో అర్థం కానిదీ, నచ్చనిదీ గీత గీయండి" అనండి, పాతవాళ్ళు కాస్త గొణుగుతారు, గొణగనీయండి.

టీమ్ రెండు వర్గాలుగా చీలిపోతే, అందరూ చేసేది బయటికి తీసుకెళ్ళి కలిసి భోజనం పెట్టించడం. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ ఒక వేసవి క్యాంపులో 22 మంది అబ్బాయిల్ని రెండు గుంపులు చేసి పోటీలు పెట్టాడు, కొట్లాటల దాకా వచ్చింది. (పిల్లల్ని అలా ఎగదొయ్యడం ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు, అది వేరే కథ.) తర్వాత కలిపి సినిమా చూపించినా, ఒకేచోట తిండి పెట్టినా తగ్గలేదు, తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. క్యాంపుకి నీళ్ళు ఆగిపోయి అందరూ కలిసి వెతికితే గానీ దొరకని పరిస్థితి వచ్చాక, అలాంటివే ఇంకొన్ని చేశాక మెల్లగా కలిశారు. కాబట్టి భోజనం కన్నా ముందు, రెండు వర్గాల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా చెయ్యలేని పని ఒకటి వెతకండి. నిజమైన పని అయ్యుండాలి, కల్పించిందైతే పసిగట్టేస్తారు.

అడుగు 9: విడిపోయేటప్పుడు

1977లో టక్‌మన్, మేరీ ఆన్ జెన్సెన్ కలిసి పాత వరసకి ఐదోది తగిలించారు, అడ్జర్నింగ్, అంటే పని అయ్యాక టీమ్ విడిపోవడం. ఈ టైమ్‌లో వచ్చే చిరాకుల్ని గొడవలుగా లెక్కెయ్యకండి, చాలావరకు అవి తర్వాత ఎక్కడికి వెళ్తామో తెలియని దిగులు. ఎవరు ఏ తేదీకి వెళ్తున్నారో ముందే చెప్పేయండి, ఆఖరి వారంలో ఓ గంట కూర్చుని ఏ గొడవ దేనివల్ల వచ్చింది, ఎలా తేలింది అని పేర్లు లేకుండా రాసి పెట్టుకోండి.

మా టీమ్ విడిపోయిన రోజు ఆ కోడ్ రాసే అతను గోడ మీది మూడు లైన్ల కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, మడతపెట్టి, కొత్త టీమ్‌కి పట్టుకెళ్ళాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు, అక్కడ రెండో లైను మీద పెద్ద గొడవైందంట.